తార్నాక ఎలుకలు, చైనా జిల్లాలు, మా అమ్మ పెరుగు: మొక్కల ఆహారం పరిశోధనల్ని ఎంతవరకు నమ్మాలి?

శారద_కాకినాడ | మంగళవారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ చదువుతున్నానే గానీ ఎప్పుడూ రాయలేదు. ఇంట్లో ఒక విషయం టెన్షన్‌గా మారింది, అందుకే అడుగుతున్నాను.

మా అన్నయ్య న్యూజెర్సీలో ఉంటాడు. పోయిన ఏడాది కొలెస్ట్రాల్ బాగా ఎక్కువ వచ్చిందని మాంసం, చేపలు, గుడ్లు, పాలు అన్నీ మానేశాడు. తనకు మంచే జరిగింది, మేమందరం సంతోషించాం. ఆ తర్వాత ‘ద చైనా స్టడీ’ పుస్తకం చదివాడు. అప్పటినుంచి ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో అమ్మకు క్లాసే. పాలు విషమట, పెరుగు మానేయాలట, ఆదివారం చేపల పులుసు కూడా వద్దట.

అమ్మకు 67 ఏళ్లు, బరువు 48 కిలోలు. తొమ్మిదేళ్లుగా షుగరుంది, మెట్‌ఫార్మిన్ వాడుతోంది. కొడుకు చెప్పాడని మూడు వారాలుగా పెరుగు ముట్టుకోలేదు. చారన్నంతో లేచిపోతోంది. "నా మంచికేగా చెబుతున్నాడు" అంటుంది. నేను గట్టిగా ఏమీ అనలేకపోతున్నాను, ఎందుకంటే నా దగ్గర జవాబు లేదు. అన్నయ్య అంకెలతో మాట్లాడతాడు. ఎలుకలకు పాలలోని కేసిన్ అనే ప్రొటీన్ 20 శాతం పెడితే లివర్ క్యాన్సర్ పెరిగిందట, 5 శాతానికి తగ్గిస్తే ఆగిపోయిందట, లైటు స్విచ్ వేసి ఆర్పినట్టు. పైగా ఈ విషయం మొదట కనిపెట్టింది మన దేశంలోనే అంటాడు.

ఇది నిజమా? నిజమైతే మా అమ్మకు వర్తిస్తుందా? ఇందులో ఎవరినీ తప్పుపట్టాలని లేదు. అన్నయ్యకు అమ్మంటే ప్రాణం. అసలు సంగతి తెలిసినవాళ్లు చెప్పండి.

---

తార్నాక_పాతకాపు | మంగళవారం, రాత్రి 11:05

అమ్మా శారదా, మీ అన్నయ్య చెప్పిందాంట్లో ఒక మాట నిజం. ఆ ఎలుకల కథ మన దేశంలోనే, ఇంకా చెప్పాలంటే మన హైదరాబాదులోనే మొదలైంది. నేను తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో చాలా ఏళ్లు జంతు ప్రయోగాల విభాగంలో టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఈ ప్రయోగం నేను చేరకముందుది. కానీ దాని గురించి పెద్దవాళ్లు చెప్పుకుంటుంటే విన్నాను, పేపర్లు తెప్పించుకుని చదివాను కూడా.

ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థ అంటున్నది మొదట కూనూరులో ఉండేది. 1958లో హైదరాబాదుకు వచ్చింది. ఇప్పటి పేరు 1969లో పెట్టారు. డాక్టర్ గోపాలన్ గారు, డాక్టర్ మాధవన్ గారు కలిసి చేసిన పని 1968లో అమెరికాలోని ఒక పాథాలజీ పత్రికలో వచ్చింది. వేరుశనగ, మొక్కజొన్న వంటివాటికి పట్టే బూజులో అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది. వాళ్లు ఆ విషాన్ని ఎలుకలకిచ్చి, ఒక గుంపుకు 20 శాతం కేసిన్, ఇంకో గుంపుకు 5 శాతం కేసిన్ మేత పెట్టారు. 20 శాతం గుంపులో క్యాన్సర్, దాని ముందు దశ కనిపించాయి. 5 శాతం గుంపులో కనిపించలేదు. అమెరికా శాస్త్రవేత్త కోలిన్ కాంప్‌బెల్ ఆ పేపర్ చదివాకే తన ప్రయోగాలు మొదలుపెట్టాడు. తన ‘ద చైనా స్టడీ’ పుస్తకంలో దీన్ని వంద శాతానికీ సున్నా శాతానికీ ఉన్న తేడాగా చూపించాడు.

చెప్పని సగం ఇక్కడుంది. ఆ తక్కువ ప్రొటీన్ గుంపులో చాలా ఎలుకలు ప్రయోగం ముగిసేదాకా బతకలేదు. అంతకుముందు 1965లో ఇద్దరూ కలిసి ఇంకో పేపర్ వేశారు. పాలు మాన్పించిన పిల్ల ఎలుకలకు అదే విషం పెట్టి చూస్తే, లివర్ ఎక్కువగా దెబ్బతిన్నది తక్కువ ప్రొటీన్ తిన్నవాటికే. విషం ఒకటే, మేత ఒకటే, చూసిన ఫలితం వేరు. ఒక పేపర్ చదివితే ప్రొటీన్ శత్రువు, రెండోది చదివితే కవచం. రెండూ కలిపి చదివితే అర్థమయ్యేదేమిటంటే, ప్రొటీన్ లేక ఎదుగుదల ఆగిన ఒంట్లో గడ్డ కూడా ఎదగదు. అలాగే ఆ ఒంటికి విషాన్ని తట్టుకునే బలమూ ఉండదు.

ఇంకొక మాట. అప్పట్లో ప్రయోగశాల ఎలుకలకు తయారుచేసి పెట్టే మేతల్లో 20 శాతం కేసిన్ మామూలే. ఎలుక సరిగ్గా పెరగడానికి అవసరమయ్యే లెక్క అది. 5 శాతమంటే లోపం. కాబట్టి ఆ పోలిక "మామూలు తిండి, మితిమీరిన తిండి" మధ్య పోలిక కాదు. "మామూలు తిండి, చాలని తిండి" మధ్య పోలిక.

---

గణాంకం_మాస్టారు | బుధవారం, ఉదయం 6:40

పాతకాపు గారూ, ఇన్నాళ్లూ మీరు ఇదెందుకు రాయలేదండీ! చాలా విలువైన సంగతి.

నేను వరంగల్లులో డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెబుతాను. పాతకాపు గారి ఎలుకల లెక్కను మనిషికి మార్చి చూశాను. శారద గారి అమ్మగారు రోజుకు 1,500 కేలరీలు తింటారనుకుందాం. అందులో 20 శాతం కేసిన్ నుంచే రావాలంటే 300 కేలరీలు, అంటే 75 గ్రాముల కేసిన్. లీటరు ఆవుపాలలో కేసిన్ సుమారు 26 గ్రాములుంటుంది. అంటే రోజుకు దాదాపు 3 లీటర్ల పాలు తాగాలి. కప్పు పెరుగులో అందులో పదో వంతు కూడా రాదు.

ఇక చైనా సంగతి. ఎలుకల్ని అటుంచితే, ఆ పుస్తకానికి పేరు తెచ్చిపెట్టింది చైనా సర్వే. కార్నెల్, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాలు, చైనా ప్రభుత్వ సంస్థలు కలిసి చేశాయి. 1983లో 65 గ్రామీణ జిల్లాల్లో 6,500 మంది దగ్గర రక్తం తీసుకున్నారు, ఏం తింటున్నారో తూచి చూశారు. అంత శ్రద్ధగా అంత పెద్ద పని చేయడం మామూలు విషయం కాదు, దానికి నమస్కారం పెట్టాల్సిందే.

కానీ రక్తాన్ని మనిషి మనిషికీ విడిగా పరీక్షించలేదు. ఒక్కో ఊరివాళ్ల రక్తాన్ని కలిపేసి పరీక్షించారు. చివరికి చేతికొచ్చింది జిల్లా సగటు. అంటే 6,500 మంది కాస్తా 65 చుక్కలయ్యారు. అలాంటి చుక్కల్లో కనిపించే సంబంధం మనుషుల్లో ఉండాలని లేదు. మన జిల్లాల సగటులు తీసి, స్కూటర్లు ఎక్కువున్న జిల్లాల్లో షుగర్ రోగులు ఎక్కువున్నారని తేలిందనుకోండి. స్కూటర్ నడిపితే షుగర్ వస్తుందని ఎవరూ అనరు. డబ్బు, ఆయుష్షు, ఆస్పత్రి అందుబాటు, అన్నీ కలిసి కదులుతాయి.

ఇంకొకటి. చావుల లెక్కలు, ముఖ్యంగా క్యాన్సర్‌వి, 1973-75 నాటివి. తిండి లెక్కలు 1983వి. అంటే చావు ముందు, తిండి తర్వాత. ఆ ఊళ్లవాళ్లు పుట్టినచోటే ఉండిపోయారు, తిండీ పెద్దగా మారలేదు అన్నది పరిశోధకుల సమాధానం. కొంతవరకు ఒప్పుకోవచ్చు, పూర్తిగా కాదు.

అసలు చిక్కు అంకెల సంఖ్యతో. వాళ్లు కొలిచిన అంశాలు 367. ప్రతిదాన్నీ ప్రతిదానితో జతకడితే 67,161 జంటలు వస్తాయి. మామూలుగా వాడే 5 శాతం గీటురాయి పెడితే, అసలు ఏ సంబంధమూ లేకపోయినా 3,300కు పైగా జంటలు "సంబంధం ఉంది" అని చూపిస్తాయి. 8,000కు పైగా సంబంధాలు దొరికాయని పుస్తకం గొప్పగా చెబుతుంది. వాటిలో నిజమైనవేవో, యాదృచ్ఛికమైనవేవో ఆ లెక్క ఒక్కదానితో తేల్చలేం. అప్పుడు ఎవరికి కావాల్సినవి వాళ్లు ఏరుకోవచ్చు. 2010లో డెనిస్ మింగర్ అనే అమ్మాయి అదే సమాచారం తీసి, గోధుమకూ గుండెజబ్బుకూ బలమైన సంబంధం చూపించింది. కాంప్‌బెల్ దానికి జవాబిస్తూ, విడివిడి సంబంధాలను అలా పట్టుకోకూడదన్నాడు. ఆ మాట నిజమే. అదే నియమం ఆయన పుస్తకానికీ వర్తించాలి కదా అన్నదే నా ప్రశ్న.

చైనాలో పెద్దపేగు క్యాన్సర్‌కు ఒక పరాన్నజీవితో సంబంధముంది. లివర్ క్యాన్సర్‌కు హెపటైటిస్ బి వైరస్‌తో ఉంది. ఇవి ఏ ప్రాంతంలో ఎక్కువో అక్కడి తిండి మీద నింద పడిపోయే ప్రమాదం ఉంటుంది.

---

ఆకుపచ్చ_బెంగళూరు | బుధవారం, మధ్యాహ్నం 1:15

నేను ఆరేళ్లుగా వీగన్‌ని, అంటే మాంసం, గుడ్లే కాదు, పాలు కూడా ముట్టను. మా సొంతూరు గుంటూరు. నేను మారింది పశువుల కోసం, నా ఆరోగ్యం కోసం కాదు. అందుకని ఈ పుస్తకం తప్పని తేలినా నా దారి మారదు. కానీ పై పోస్టులు చదివాక ఒకటి చెప్పకుండా ఉండలేను.

ఒక పుస్తకంలో లోపాలున్నంత మాత్రాన మొక్కల ఆహారం మీద ఉన్న సాక్ష్యమంతా కూలిపోదు. అమెరికాలో అడ్వెంటిస్టు క్రైస్తవుల మీద జరిగిన అధ్యయనంలో 73,308 మందిని దాదాపు ఆరేళ్లు గమనించారు. 2013లో వచ్చిన ఆ ఫలితాల్లో శాకాహారుల మరణాల రేటు 12 శాతం తక్కువ. స్టాన్‌ఫర్డ్‌లో 22 జతల కవలలతో ఎనిమిది వారాలు ప్రయోగం చేశారు. ఒకేలాంటి కవలల్లో ఒకరికి వీగన్ భోజనం, ఇంకొకరికి మాంసంతో కలిపిన మంచి భోజనం. వీగన్ వైపు చెడ్డ కొలెస్ట్రాల్ బాగా తగ్గింది. ఇది జిల్లా సగటు కాదు, చీటీలు వేసి పంచిన ప్రయోగం. ప్రాసెస్ చేసిన మాంసం క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ సంస్థ 2015లోనే ప్రకటించింది.

డబ్బు సంగతి కూడా ఉంది. 2019లో కొందరు నిపుణులు "మాంసం తగ్గించక్కర్లేదు, సాక్ష్యం బలహీనం" అని ఒక పెద్ద వైద్య పత్రికలో రాశారు. ఆ బృందం నాయకుడికి పశుమాంస పరిశోధనతో ముడిపడిన ఒక విశ్వవిద్యాలయ విభాగం నుంచి నిధులు వచ్చాయని తర్వాత పత్రికే సవరణ వేయాల్సి వచ్చింది. ప్రశ్నిస్తే రెండు వైపులా ప్రశ్నించండి.

శారద అక్కా, ఒక విషయంలో మాత్రం మీ అన్నయ్యతో నేను ఏకీభవించను. బి12 విటమిన్ మాత్ర లేకుండా ఎవరినీ, ముఖ్యంగా పెద్దవాళ్లను, వీగన్‌గా మార్చకూడదు. నేను వారం వారం వేసుకుంటాను. అమ్మ బి12 వేసుకుంటోందా?

---

నెల్లూరు_డాక్టర్ | బుధవారం, రాత్రి 10:30

ఆకుపచ్చ గారు అడిగిన చివరి ప్రశ్నే నా ప్రశ్న కూడా. శారద గారూ, మిగతాదంతా తర్వాత. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గుతుంది. వయసు పెరిగేకొద్దీ కడుపులో అది ఒంటబట్టడమూ తగ్గుతుంది. మొక్కల్లో అది లేదనే అనుకోవాలి. అమ్మగారికి మొదటి రెండు కారణాలూ ముందే ఉన్నాయి, ఇప్పుడు మూడోది చేరింది. అరికాళ్లలో మంటలు, తిమ్మిర్లు వస్తే షుగర్ వల్లే అనుకుని వదిలేస్తారు. నా దగ్గరికొచ్చేవాళ్లలో అలాంటివాళ్లు చాలామంది. ఈ వారమే మీ డాక్టరుతో మాట్లాడి రక్తపరీక్ష చేయించండి.

ఇప్పుడు పరిశోధనల గురించి. మనం శాతాలు చూసి భయపడతాం, శాతాలు చూసి సంబరపడతాం. బ్రిటన్‌లో 48 వేల మందిని 18 ఏళ్లు గమనించిన అధ్యయనం ఒకటి 2019లో వచ్చింది. మాంసం తినేవాళ్లతో పోలిస్తే శాకాహారుల్లో గుండెజబ్బు 22 శాతం తక్కువ, పక్షవాతం 20 శాతం ఎక్కువ. ఒక పత్రిక మొదటి సగాన్ని హెడ్డింగ్ చేసింది, ఇంకోటి రెండో సగాన్ని. అదే లెక్కను తలల్లో చూస్తే, వెయ్యి మందిలో పదేళ్లకు గుండెజబ్బు కేసులు 10 తక్కువ, పక్షవాతం కేసులు 3 ఎక్కువ. తక్కిన మనుషులకు ఏ తేడా లేదు. అదే జనాభాలో తర్వాత ఎముకలు విరగడం చూస్తే వీగన్లలో 43 శాతం ఎక్కువ వచ్చింది. 67 ఏళ్లు, 48 కిలోలున్న ఆడమనిషి విషయంలో నేను ముందు ఆలోచించేది ఎముక గురించే.

అడ్వెంటిస్టుల సంగతి కూడా ఒక మాట. వాళ్లు పొగ తాగరు, మందు ముట్టరు. కాబట్టి పోలిక వాళ్లలో వాళ్లకే, అది మంచి పద్ధతి. అయినా ఆ తేడా మగవాళ్లలోనే బలంగా కనిపించింది, ఆడవాళ్లలో అంతగా లేదు. ఆస్ట్రేలియాలో 2 లక్షల 67 వేల మందితో చేసిన అధ్యయనంలోనైతే శాకాహారులకూ మిగతావాళ్లకూ మరణాల్లో చెప్పుకోదగ్గ తేడాయే రాలేదు.

కవలల ప్రయోగం నాకు నచ్చింది. అయితే ఎనిమిది వారాల్లో కొలెస్ట్రాల్ తగ్గిందని చెప్పగలదు గానీ, పదేళ్ల తర్వాత ఎవరు బతికారో చెప్పలేదు. ఆ 22 జతలూ ఆరోగ్యంగా ఉన్నవాళ్లే. అయినా కొలెస్ట్రాల్ ఎక్కువున్న నడివయసు మగవాడికి, అంటే శారద గారి అన్నయ్యలాంటివాళ్లకు, అది పనికొచ్చే సాక్ష్యమే. ఆయన చేసింది తప్పని నేను అనను. తన మందు చీటీనే అమ్మగారికీ ఇచ్చారు, అదే చిక్కు.

---

శనగకాయల_రైతు | గురువారం, ఉదయం 5:50

మాది అనంతపురం దగ్గర. ఈ అఫ్లటాక్సిన్ పేరు మాకు బాగా తెలుసు. కాయ ఊరేటప్పుడు వాన ఎగ్గొట్టి నేల ఎండిపోతే, ఆ ఆఖరి నెలలోనే బూజు కాయలోకి దూరుతుంది. పీకినాక సరిగ్గా ఆరకపోయినా అంతే. ఎగుమతికి పంపితే పరీక్ష చేసి వెనక్కి కొడతారు. వెనక్కొచ్చిన సరుకు ఎక్కడికి పోతుందో ఎవరూ అడగరు, అదే నా బాధ.

పాతకాపు అన్న చెప్పింది చదివినాక నాకు తోచింది ఒకటే. ఆ ఎలుకలకు ముందు పెట్టింది విషం కదా. విషం లేకుండా ఉత్త పాల ప్రొటీన్‌తో క్యాన్సర్ పుట్టిందా? పుట్టకపోతే మనం అడగాల్సింది బూజు గురించి కాదా? బూజు పట్టిన కాయ, ముక్కిపోయిన మొక్కజొన్న, ఇవీ మొక్కల తిండే కదన్నా.

---

తార్నాక_పాతకాపు | గురువారం, ఉదయం 8:10

తమ్ముడూ, నువ్వు అడిగిందే అసలు ప్రశ్న. ఆ ప్రయోగాల్లో క్యాన్సర్‌కు బీజం వేసింది అఫ్లటాక్సినే. ప్రొటీన్ ఎక్కువా తక్కువా అన్నది ఆ తర్వాతి కథ. 1974లో గుజరాత్, రాజస్థాన్ సరిహద్దు జిల్లాల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా చనిపోతే, విషయం తేల్చడానికి వెళ్లింది మా సంస్థవాళ్లే. చనిపోయింది పేదలు, వేరే గింజ కొనుక్కునే దారి లేనివాళ్లు.

ఇంకో సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది, ఇది మన పప్పన్నానికి సంబంధించింది. కాంప్‌బెల్ బృందమే గోధుమ ప్రొటీన్‌తోనూ చేసి చూసింది. అది 20 శాతం పెట్టినా గడ్డల ముందు దశ అంతగా పెరగలేదు. అందుకే జంతు ప్రొటీన్ చెడ్డది, మొక్కల ప్రొటీన్ మంచిది అన్నారు. కానీ గోధుమలో లైసిన్ అనే భాగం తక్కువ. 1989లో అదే బృందం గోధుమ ప్రొటీన్‌కు లైసిన్ కలిపి పెడితే, అది కూడా కేసిన్ లాగే పనిచేసింది. అంటే తేడా జంతువుకూ మొక్కకూ మధ్య కాదు. పూర్తి ప్రొటీన్‌కూ లోపమున్న ప్రొటీన్‌కూ మధ్య. మనం బియ్యంలో తక్కువైన లైసిన్‌ను కందిపప్పుతో పూడ్చుకుంటాం. ఆ లెక్కన చూస్తే ముద్దపప్పు అన్నం కూడా కేసిన్ పక్కనే కూర్చోవాలి. అది చెడ్డదని ఎవరైనా అంటారా?

---

టెక్సాస్_వాసు | గురువారం, సాయంత్రం 7:25

ఈ చర్చ చదువుతుంటే కష్టంగా ఉంది. నేను మూడేళ్ల క్రితం 96 కిలోలు, షుగర్ అంచున ఉన్నాను. ఇదే పుస్తకం చదివి మారాను. 14 కిలోలు తగ్గాను, షుగర్ మామూలుకు వచ్చింది. అంతకుముందు ఆఫీసులో రోజూ బర్గర్, కోక్. ఇంటికొస్తే మళ్లీ బిర్యానీ. ఇప్పుడు పప్పులు, కూరగాయలు, పండ్లు, బ్రౌన్ రైస్. ఈ పుస్తకం లేకపోతే నేను ఈపాటికి మందుల మీద ఉండేవాణ్ణి. దీన్ని నమ్మొద్దని చెబితే నాలాంటివాడు ఇంకొకడు మారకుండా ఉండిపోతాడేమో, అది ఆలోచించండి.

---

గణాంకం_మాస్టారు | గురువారం, రాత్రి 9:00

వాసు గారూ, మీకు జరిగిన మేలు నిజం. దాన్ని ఎవరూ కాదనరు, దయచేసి బాధపడకండి. కానీ మీరే రాశారు చూడండి, ఒకేసారి కోక్ పోయింది, బర్గర్ పోయింది, రాత్రి బిర్యానీ పోయింది, కూరలు పెరిగాయి. అందులో పాలు మానడం వల్ల ఎంత, కోక్ మానడం వల్ల ఎంత?

పేరున్న పరిశోధనల్లోనూ ఇదే తంటా. 1990లో డీన్ ఆర్నిష్ అనే డాక్టరు గుండె రక్తనాళాల్లో పూడిక తగ్గుతుందని చూపించాడు. 48 మంది రోగులతో చేసిన ప్రయోగం అది. కొవ్వు బాగా తగ్గించిన శాకాహారం పెట్టారు. దాంతోపాటు వ్యాయామం, ధ్యానం, పొగ మానడం, వారం వారం అందరూ కూర్చుని మాట్లాడుకోవడం. ఫలితం వచ్చింది. ఏది పనిచేసిందో విడదీయలేం. ఊళ్లో మాత్రం "శాకాహారంతో గుండె పూడికలు కరుగుతాయి" అన్న మాటే మిగిలింది.

చీటీలు వేసి పంచిన ప్రయోగాలైనా జాగ్రత్తగా చూడాలి. ఆలివ్ నూనె, గింజలతో స్పెయిన్‌లో 7,447 మంది మీద చేసిన ప్రయోగాన్ని 2013లో ప్రచురించి, 2018లో పత్రిక నుంచి వెనక్కి తీసుకుని, సరిదిద్ది మళ్లీ వేశారు. కారణం, కొన్నిచోట్ల చీటీలు సరిగ్గా వేయలేదు. ఒకచోట మనిషి మనిషికీ వేయాల్సింది పోయి ఒక్కో క్లినిక్ వాళ్లందరికీ ఒకే ఆహారం ఇచ్చారు. వాళ్లే ఒప్పుకుని దిద్దుకున్నారు, అందుకు నాకు వాళ్ల మీద గౌరవం పెరిగింది.

---

అంగన్‌వాడీ_టీచరమ్మ | శుక్రవారం, మధ్యాహ్నం 3:40

నల్గొండ జిల్లాలో 19 ఏళ్ల నుంచి పనిచేస్తున్న. పెద్ద పెద్ద పేపర్లు నాకు తెల్వవు కానీ, మా సెంటర్ల పిల్లలను నెలనెలా తూకం వేసేదాన్ని. ఈ మాటలన్నీ సెల్‌ఫోన్ల ద్వారా మా ఊరిదాకా వస్తున్నయి. పోయిన నెల ఒక తల్లి "గుడ్డు మంచిది కాదట టీచర్, వీడియోలో చెప్పిన్రు" అని పిల్లకు గుడ్డు పెట్టొద్దన్నది. ఆ పిల్లకు మూడేళ్లు, బరువు పదకొండు కిలోలు దాటలే. ఇంట్లో పొద్దున అన్నం కారం, రాత్రి అన్నం చారు. అది పూర్తిగా మొక్కల ఆహారమే కదండీ! కడుపు నిండా బియ్యం తప్ప ఏమీ లేని ఇల్లు అది.

మన రెండు రాష్ట్రాల్లో ఆడవాళ్లలో వందకు 58, 59 మందికి రక్తం తక్కువని 2019-21 సర్వేలో వచ్చింది. మా ట్రైనింగుల్లో చెప్పిన్రు. ఎవరో ఒక దేశంలో మాంసం ఎక్కువై జబ్బు పడ్డోళ్ల కోసం రాసిన మాట, ఇక్కడ వారానికి నాలుగు గుడ్లు కూడా దొరకని పిల్ల ప్లేటు మీదికి రావొద్దు.

---

నెల్లూరు_డాక్టర్ | శుక్రవారం, రాత్రి 10:15

టీచరమ్మా, మీ పోస్టు రెండుసార్లు చదివాను.

మన రాష్ట్రాల్లో వందకు 98 మంది మాంసాహారులమేనని 2014 సర్వే చెప్పింది. కానీ పళ్లెం చూస్తే మాంసం ఎప్పుడో ఒకరోజు, మిగతాదంతా తెల్ల అన్నం. మన దేశంలో కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోందని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం ఈమధ్యే తేల్చింది. హార్వర్డ్‌లో అంబికా సతీజా బృందం 2017లో మొక్కల ఆహారాన్నే రెండుగా విడదీసింది. ముడి ధాన్యాలు, పప్పులు, కూరలు, పండ్లు, గింజలు ఒకవైపు. తెల్లబియ్యం, మైదా, బంగాళదుంప, తీపి పానీయాలు, మిఠాయిలు ఇంకోవైపు. మొదటిది తిన్నవాళ్లలో గుండెజబ్బు ముప్పు 25 శాతం తక్కువ, రెండోది తిన్నవాళ్లలో 32 శాతం ఎక్కువ. ఇదీ గమనించి చెప్పిన అధ్యయనమే, పైన మాస్టారు చెప్పిన జాగ్రత్తలు దీనికీ ఉంటాయి. అయినా మనకు కావాల్సిన ప్రశ్న అడిగింది మాత్రం ఇదే. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లోనూ రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు, 300 మిల్లీలీటర్ల పాలు అన్నారు, ధాన్యాలు 250 గ్రాములన్నారు. మన ఇళ్లల్లో కూర ఎంత, అన్నం ఎంత పెట్టుకుంటున్నామో ఒకసారి తూచి చూడండి.

---

ఆకుపచ్చ_బెంగళూరు | శనివారం, ఉదయం 9:30

టీచర్ గారూ, మీ పిల్లల విషయంలో నాకు వాదించడానికి ఏమీ లేదు. గుడ్డుకు బదులు అంతే పోషణ ఇచ్చేది ఆ ఇంటికి అందనంతకాలం గుడ్డు మానమనే హక్కు నాకు లేదు. పశువుల గురించి నా బాధ నాది. దాన్ని ఆరోగ్యం పేరుతో చెప్పడం నిజాయితీ కాదని ఈ చర్చ చదివాక గట్టిగా అనిపించింది. ఇకమీదట ఎవరైనా అడిగితే రెండూ విడివిడిగా చెబుతాను.

---

శారద_కాకినాడ | మూడు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 6:00

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి.

పరీక్ష చేయించాం. బి12 బాగా తక్కువగా ఉంది. మా డాక్టరు గారు ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. అమ్మకు అరికాళ్ల మంటలు రెండేళ్లుగా ఉన్నాయట. మాకెవరికీ చెప్పలేదు, షుగర్ ఉంటే అంతేలే అనుకుందట. అది విన్నప్పుడు నాకు చాలా బాధేసింది. పెరుగు మానిన మూడు వారాల్లో వచ్చిన లోపం కాదిది. అన్నయ్య మీద తోసేయడం కూడా న్యాయం కాదు.

పోయిన ఆదివారం కాల్‌లో నేను వాదించలేదు. పాతకాపు గారి పోస్టు మొత్తం చదివి వినిపించాను. అన్నయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ 1965 పేపర్ సంగతి నేను చదివిన దాంట్లో గుర్తులేదే" అన్నాడు. తన తిండి మాత్రం మార్చుకోనన్నాడు, మార్చుకోమని నేనూ అడగలేదు. అమ్మను "నీకు ఎలా బాగుంటే అలా తినమ్మా" అన్నాడు. ఆ రాత్రే అమ్మ పాలు తోడు పెట్టింది. అన్నం ఒక గరిటె తగ్గించి కూర పెంచాం, డాక్టరు గారు చెప్పినట్టు. బరువు అరకిలో పెరిగింది.

పాతకాపు గారూ, అన్నయ్య ఆ రెండు పేపర్లూ తానే చదువుతానంటున్నాడు. దొరికే దారి ఉందా?

---

తార్నాక_పాతకాపు | ఆదివారం, రాత్రి 8:45

సంతోషం తల్లీ. నా దగ్గర రెండింటి జిరాక్సులూ ఉన్నాయి, కాస్త పసుపురంగుకు తిరిగాయి గానీ అక్షరాలు బాగానే కనిపిస్తాయి. మనవడితో ఫొటోలు తీయించి పంపిస్తాను. ముందు 1965ది చదవమని చెప్పు, తర్వాతే 1968ది.